సిఫారసునకు కూలి

వర్తకుడు తన సరకును తానే పొగడుకొనుట లోకములో క్రొత్త సంగతి కాదు. అంగడిలో చీర మడత విప్పి "దీని రంగు పోదమ్మా, నేత చెదరదు" అని అతడు చెప్పునప్పుడు వినువారు ఆ మాటలో కొంత తీసివేసి విందురు. అతడు అమ్ముకొనవలసినవాడు గనుక అట్లనుచున్నాడని అందరును ఎరుగుదురు. కాని ప్రక్కయింటి ఆమె "వదినా, ఆ చీర నేను రెండేండ్లనుండి కట్టుచున్నాను, బాగుగానే యున్నది" అని చెప్పినయెడల మనము ఆ మాటలోనుండి ఏమియు తీసివేయము. చీర అమ్ముడైనను కాకున్నను ఆమెకు ఒరుగునది లేదు. ఈ రెండు మాటలకు గల భేదము పసిపిల్లలకు సైతము తెలిసినదే. ఆ భేదమును చెరిపివేయుట నేడు కొందరికి జీవనోపాధి యైనది. దానిని గూర్చి ఈ సంవత్సరపు సంచికలో కొంత విచారింప దలచితిమి.

"ఇన్‌ఫ్లుయెన్సరు" అను మాటను మా విద్యార్థులు మాకంటె బాగుగా నెరుగుదురు. తల్లిదండ్రులలో కొందరికి తెలియకపోవచ్చును గనుక చెప్పుచున్నాము. ఇన్‌స్టాగ్రాములోనో యూట్యూబులోనో తన వంటను, వస్త్రములను, ప్రయాణములను ప్రతిదినము చూపుచు, చూచువారిని వేలకొలదిగనో లక్షలకొలదిగనో కూడబెట్టుకొన్న వ్యక్తికి ఈ పేరు చెల్లును. వీరు సినిమా తారలవలె దూరమున నుండువారు కారు. తమ వంటగదిలో నిలువబడి, "అక్కలూ, చెల్లెళ్లూ" అని పిలిచి మాటలాడుదురు. బిడ్డకు జ్వరము వచ్చినను చెప్పుదురు, అత్తగారింటి పండుగను చూపుదురు. కొన్నాళ్లు చూచువారికి ఆమె ప్రక్కయింటి ఆమెయే యగును. పెద్ద వర్తక సంస్థలు సొమ్మిచ్చి కొనుచున్నది ఈ పొరుగుతనమునే.

ఆ సొమ్ము మూడు దారుల వచ్చును. సరకును ఉచితముగా పంపుట ఒకటి. వీడియో యొక్కింటికి ఇంతయని రొక్కమిచ్చుట మరియొకటి. మూడవది కమీషను. దీనిని మాత్రము కొంచెము నిదానముగా తెలిసికొనవలెను. అమెజాన్ సంస్థ 1996లోనే ఈ పద్ధతిని పెట్టినది; 2017లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కొరకు ప్రత్యేకముగా ఒక ఏర్పాటు చేసినది. సరకు దొరకు చోటునకు దారి చూపు లింకును ఇన్‌ఫ్లుయెన్సరు తన వీడియో క్రింద ఉంచును. ఆ లింకులో ఆమె గుర్తు దాగియుండును. దానిని నొక్కి లోనికి పోయినవాడు నియమిత కాలములోపల కొనినచో ధరలో నూటికి ఇంతయని ఆమెకు ముట్టును. అమెజానులో ఆ కాలము సామాన్యముగా 24 గంటలు. లోనికి పోయినవాడు ఆమె చూపిన కుర్తాను విడిచి, కుక్కరు కొనినను ఆమెకు కొంత రావచ్చును. కొనువానికి ఇందువలన ధర పెరుగదని ఇన్‌ఫ్లుయెన్సర్లు చెప్పుదురు. అది నిజమే. అయితే అక్కరలేని వస్తువును కొనినవానికి దాని ధర యంతయు అదనపు ఖర్చే గదా.

మా ఎనిమిదవ తరగతి పిల్లలకు మేమొక లెక్క ఇచ్చితిమి. కుర్తా వెల 800 రూపాయలు. కమీషను నూటికి 5. (కమీషను సరకును బట్టి మారుచుండును, లెక్క తేలికగా నుండుటకై 5 అనుకొంటిమి.) ఒక్క కుర్తా అమ్ముడైనయెడల 40 రూపాయలు వచ్చును. ఒకామె వీడియోను 1,00,000 మంది చూచి, వారిలో నూటికి ఒక్కరు కొనినచో 1,000 కుర్తాలు, 40,000 రూపాయలు. ఇంతవరకు పిల్లలందరును చేసిరి. తరువాత రెండవ లెక్క ఇచ్చితిమి. అదే ఆమె నిజము పలుకదలచి, "ఈ కుర్తా కుట్టు బాగులేదు, పోయిన యేడు కొన్నదే వేసికొనుడు" అని చెప్పినదనుకొందము. వినిన 1,000 మంది కొనుట మానిరి. వారి యిండ్లలో మొత్తము 8,00,000 రూపాయలు నిలిచినవి. ఆమెకు వచ్చిన దెంత? సున్న. పిల్లలు కొంతసేపు పలుకలేదు. ఎక్కడనో తప్పు చేసితిమని తలచి మరల కూడిరి.

తప్పు లెక్కలో లేదు. ఈ వృత్తిలోని చిక్కంతయు ఆ సున్నలోనే యున్నది. "కొనుడు" అను మాటకు కూలి కలదు, "వద్దు" అను మాటకు లేదు. అబద్ధమాడవలెనని ఎవరును ఆమెను నిర్బంధింపరు. కాని ప్రతి దినము ఒక ప్రక్కనే బరువు వేయబడు త్రాసులో, ఎంత మంచివారి తీర్పు అయినను కొన్నాళ్లకు ఆ ప్రక్కకే మొగ్గును. మొగ్గినదని ఆమెకు తెలియకయే మొగ్గవచ్చును.

ఇక నిజముగా జరిగిన కథ నొకదానిని చూతము. ఇది అమెరికాలోనిది. న్యూయార్కు నగరమున 1826లో స్థాపింపబడిన లార్డ్ అండ్ టేలర్ అను వస్త్రవిక్రయ సంస్థ ఆ దేశములో పేరుపొందినది. 2015 మార్చిలో ఆ సంస్థ "డిజైన్ ల్యాబ్" అను పేర క్రొత్త దుస్తులను విడుదల చేసినది. వానిలో మామిడిపిందెల అచ్చు గల గౌను ఒకటి. దానిని ప్రచారము చేయుటకై 50 మంది ఫ్యాషన్ ఇన్‌ఫ్లుయెన్సర్లను ఎన్నుకొని, ఒక్కొక్కరికి ఆ గౌనును ఉచితముగా నిచ్చి, పైగా 1,000 మొదలు 4,000 డాలర్లవరకు చెల్లించిరి. గౌను ధరించిన చిత్రమును నియమిత దినములలో ఇన్‌స్టాగ్రామునందు పెట్టవలెను. సంస్థ పేరును, "డిజైన్ ల్యాబ్" గుర్తును అందులో వ్రాయవలెను. పెట్టుటకు ముందు సంస్థవారికి చూపవలెను. ఇవన్నియు ఒప్పందములో నున్నవి. సొమ్ము పుచ్చుకొని పెట్టుచున్నట్లు తెలుపవలెనన్న షరతు మాత్రము అందులో లేదు. సంస్థవారు చిత్రములను ముందుగా చూచిరి, ఇద్దరి వ్రాతలో మాటలు సహితము దిద్దిరి. ఆ మాట లేదని వారికి తోచలేదు. లేక తోచియు ఊరకుండిరి.

ఒక వారాంతమున ఆ 50 చిత్రములు వెలువడెను. రెండు దినములలో 1 కోటి 14 లక్షల మందికి అవి చేరినవని తరువాత ప్రభుత్వ పత్రములలో తేలినది. గౌను త్వరలోనే పూర్తిగా అమ్ముడైపోయెను. మరుసటి సంవత్సరము మార్చిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అను ప్రభుత్వ సంస్థ లార్డ్ అండ్ టేలరుపై అభియోగము తెచ్చినది. ఒప్పందముతో ముగిసిన ఆ వ్యవహారములో జుల్మానా లేదు. ఇకమీదట సొమ్మిచ్చి చేయించిన సిఫారసును స్వతంత్రమైన అభిప్రాయముగా చూపరాదనియు, తాము నియమించుకొన్నవారిని కనిపెట్టి యుండవలెననియు ఆజ్ఞ యైనది. ఆ సంస్థ 2020లో దివాలా తీసి, 2021 నాటికి తన అంగళ్లను మూసివేసినది. దానికి కారణములు వేరు. ఈ కథకును దానికిని ముడిపెట్టుట న్యాయము కాదు.

ఇందు అసత్య మెక్కడ నున్నది? ఈ ప్రశ్నను విద్యార్థులు తమలో తాము వేసికొనవలెను. గౌను చెడ్డదని ఎవరును అనలేదు. చిత్రములు కల్పితములు కావు; ఆ స్త్రీలు నిజముగానే దానిని ధరించిరి. వారిలో కొందరికి అది నచ్చియు నుండవచ్చును. అసత్యము ఒక్కొక్క చిత్రములో లేదు. 50 చిత్రములు కలిసి చెప్పిన మాటలో నున్నది. ఒకరినొకరు ఎరుగని 50 మంది, ఒకే దినములలో, తమంతట తాము ఒకే గౌనును మెచ్చినట్లు చూచువారికి తోచెను. అట్లు తోపించుటకే సంస్థ సొమ్ము వెచ్చించెను. ఒక్క పలుకైనను బొంకక, ఒక పెద్ద బొంకును లోకము మీదికి పంపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఈ కథ చెప్పిన దినమున పదవ తరగతి విద్యార్థిని ఒకతె లేచి, "మాస్టారూ, నేను చూచే ఆమె డబ్బు తీసుకొన్నానని ముందే చెప్పుతుంది. చెప్పిన తరువాత ఇంక తప్పేమున్నది?" అని అడిగినది. మంచి ప్రశ్న. చెప్పినామె చెప్పనివారికంటె మేలని మేమును ఒప్పుకొంటిమి. కాని చెప్పుటతో బాధ్యత తీరిపోవునా? దీనినిగూర్చి డేలియన్ కెయిన్, జార్జి లోవెన్‌స్టయిన్, డాన్ మూర్ అను ముగ్గురు పండితులు 2005లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఒక గాజుజాడీలో నాణెములు పోసి, అవి ఎంత విలువ చేయునో కొందరిని ఊహింపుమనిరి. వారు జాడీని దూరమునుండి మాత్రమే చూడగలరు. దగ్గరనుండి చూచిన మరికొందరు వారికి సలహా చెప్పవలెను. అయితే సలహాదారులలో కొందరికి, ఊహించువాడు ఎంత యెక్కువ చెప్పిన అంత యెక్కువ కూలి. ఈ సంగతిని ఊహించువారికి కొన్ని పర్యాయములు తెలిపిరి, కొన్ని పర్యాయములు తెలుపలేదు. తెలిపినప్పుడు సలహాదారులు జాగ్రత్తపడి తగ్గించి చెప్పుదురని మనము తలతుము. జరిగినది వేరు. "వీరికి చెప్పితిమి గదా, ఇక తమ సంగతి తాము చూచుకొందురు" అన్నట్లు మరింత పెంచి చెప్పిరి. వినినవారు కొంత తగ్గించుకొనిరి గాని, చాలినంత తగ్గించుకొనలేకపోయిరి.

ఆ బాలిక అంతట ఒప్పుకొనలేదు. నాణెముల జాడీ వేరు, కుర్తా వేరు అనినది. అదియు ఆలోచింపదగిన మాటయే. మేము చెప్పగలిగినది ఇంతే: సొమ్ము పుచ్చుకొంటినని తెలుపుట తలుపు తెరచుట వంటిది, లోపల ఏమి చూపబోవుచున్నారన్నది వేరు ప్రశ్న.

మన దేశమున చట్టము ఈ విషయమును ఉపేక్షించియుండలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. దానిప్రకారము మోసపుచ్చు ప్రకటనకు తోడ్పడిన సిఫారసుదారునికి 10 లక్షల రూపాయలవరకు జుల్మానా విధింపవచ్చును. మరల చేసినచో 50 లక్షలవరకు. ఏ సరకును సిఫారసు చేయకుండ ఒక సంవత్సరము, తరువాతి తప్పునకు మూడు సంవత్సరములవరకు నిషేధింపవచ్చును. తాను చెప్పుచున్న మాట నిజమా కాదా యని తగిన శ్రద్ధతో విచారించి చెప్పినవానికి ఈ శిక్ష లేదు. 2022 జూన్‌లో ప్రభుత్వము మార్గదర్శకములను వెలువరించి, 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు సులభముగా తెలియుటకై ఒక చిన్న పుస్తకమును ప్రకటించినది. రొక్కమే కానక్కరలేదు, ఉచితముగా వచ్చిన వస్తువు, ప్రయాణము, తగ్గింపు, కుటుంబ సంబంధము, ఇవన్నియు తెలుపవలసినవే. వీడియోలో వ్రాతగాను, మాటగాను రెండు విధముల తెలుపవలెను. ప్రత్యక్ష ప్రసారమైనచో ఆద్యంతము కనబడుచుండవలెను. గుర్తుల గుంపులో కలిపి దాచరాదు.

ఆ పుస్తకములో మాకు మిక్కిలి నచ్చిన నియమ మొకటి కలదు. సిఫారసు ఏ భాషలో నున్నదో, సొమ్ము సంగతియు ఆ భాషలోనే తెలుపవలెనని. పది నిమిషములు చక్కని తెలుగులో ముచ్చటలాడి, ప్రకటన యనుటను మాత్రము మూల నొక ఆంగ్లాక్షరముల ముక్కలో పెట్టువారిని మేము చూచియున్నాము. ఇంటిలో అవ్వ ఆ వీడియో చూచి మోకాళ్ల నొప్పికి నూనె తెప్పించుకొనును. ఆ ముక్క ఆమెకు చదువ రాదు. వారు దానిని అక్కడ పెట్టినది ఆమె చదువుటకు కాదు.

ప్రకటనలు పూర్వమును ఉండెను గదా, పత్రికలు వానితోనే బ్రతికినవి గదా యని కొందరందురు. నిజమే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను ప్రారంభించిరి. తలనొప్పి మందు సంపాదించిన ధనము తెలుగువారికి ఒక గొప్ప పత్రిక నిచ్చినది. మందును, పత్రికను నడుపువారు ఒక్కరేయని దాచినవారు లేరు. పత్రికలో ప్రకటనకు చుట్టును గీత యుండును. గీత లోపలిది వర్తకుని మాట, వెలుపలిది సంపాదకుని మాట. చదువరి ఆ గీతను చూచి తన నమ్మకమును కొలుచుకొనును. మేము కోరుచున్నది ఆ గీతనే. సొమ్ము సంపాదించుటను మేము తప్పుపట్టుట లేదు.

నిజము చెప్పవలెనన్న, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీదనే నిందయంతయు మోపుట మాకు సమ్మతము కాదు. వీరిలో ఇల్లు కదలలేని గృహిణులు కలరు. చదువుకొనియు ఉద్యోగము దొరకని యువకులు కలరు. దీపములు పెట్టి, చిత్రించి, కత్తిరించి, కూర్చి ఒక వీడియో చేయుటకు దినమంతయు పట్టవచ్చును. అమ్ముడైన గాని కమీషను లేదు గనుక, అమ్ముడు కాని శ్రమ యంతయు వారి నష్టమే. వర్తక సంస్థకు పైసా పోదు. రేటును నిర్ణయించునదియు సంస్థయే. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ సంస్థ కమీషనును ఒక్కసారిగా తగ్గించినది: ఫర్నిచరుమీద నూటికి 8 నుండి 3కు, పచారీ సరకులమీద 5 నుండి 1కి. అది మహమ్మారి కాలము. జనులు ఇండ్లలో కూర్చుండి కొనుచున్న కాలము. కొన్ని దినముల ముందు చెప్పి, ఇంతమంది జీతమును ఇంత తగ్గించుటకు ఒక ప్రకటన చాలినది. తీపి మాట పలుకువారు కనబడుదురు, పలికించువారు కనబడరు. లార్డ్ అండ్ టేలర్ వ్యవహారములో అధికారులు ఆ 50 మందిని విడిచి సంస్థనే పట్టుకొనుట ఈ కారణముచేత మాకు న్యాయముగా తోచినది.

ఈ సంగతి మా పాఠశాల గోడకు అవతలిది కాదు. మా ఊరిలో ఈ యేడు తెరచిన ఒక పెద్ద బట్టల దుకాణమువారు, ఇన్‌స్టాగ్రామున కొన్ని వేలమంది చూచు మా విద్యార్థి యొకనికి ఒక చొక్కా ఇచ్చి, అది ధరించి వీడియో పెట్టుమనిరి. బాలుడు వచ్చి మా సలహా అడిగెను. ఉచితముగా ఇచ్చిరని మొదటనే తెలుగులో చెప్పి పెట్టుమంటిమి. దుకాణమువారు దానికి ఒప్పక, చివర చిన్న అక్షరములతో పెట్టుమనిరట. అతని తండ్రి ఆటో నడుపువాడు. ఆయన మమ్ము కలసికొని, "అయ్యా, పండుగకు చొక్కా కొనివ్వలేకపోతిని. వాడు తన తెలివితో తెచ్చుకొన్నాడు. ఊరిలో అందరును చేయుచున్న పనికి వీనినే ఆపుట ఎట్లు?" అనెను. ఆయనకు మేము చెప్పిన సమాధానము ఇది: "ఆ వీడియో చూచువారు ఎవరు? వీని తరగతి పిల్లలు. వారి తండ్రులును మీవంటివారే. వీడు ఉచితముగా తెచ్చుకొన్న చొక్కాను వారు అప్పుచేసి కొందురు, వీడు కొన్నాడనుకొని." ఆయన కొంతసేపు ఆలోచించి, ఇంటికి పోయి మాటలాడెదనని వెళ్లెను. వీడియో వెలువడినది. మొదట అయిదు క్షణములు బాలుడు "ఈ చొక్కా నాకు దుకాణమువారు ఊరకే ఇచ్చిరి" అని నవ్వుచు చెప్పెను. దుకాణమువారు మరల అతనిని పిలువలేదు. అతని స్నేహితులలో ఇద్దరిని పిలిచిరి.

ఊరి అంగడివాడు ఎల్లప్పుడును సత్యవంతుడని మేము చెప్పబోము. గజమును కురుచ చేసినవారిని మా చిన్ననాట చూచియున్నాము. అయినను చొక్కా రంగు పోయినయెడల దానిని చంకబెట్టుకొని పోయి అతనిని నిలదీయవచ్చును. వీడియోలోని అక్కను ఎక్కడ నిలదీయుదుము?

రాబోవు టరములో తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు మేమొక పని పెట్టుచున్నాము. ఒక వారము దినములు తామును తమ ఇంటివారును చూచిన సిఫారసులను ఒక నోటుపుస్తకములో వ్రాయవలెను. మొదటి వరుసలో వస్తువు. రెండవ వరుసలో సొమ్ము సంగతి తెలిపిరా, తెలిపినచో ఏ భాషలో, ఎచ్చట. మూడవ వరుసలో, ఆ వ్యక్తి ఎన్నడైనను ఏ వస్తువునైనను "కొనవద్దు" అని చెప్పగా వినిరా. నాల్గవ వరుస తల్లిదండ్రులది: ఆ వారములో ఇంటికి వచ్చిన వస్తువులలో ఎన్ని ఆ పట్టికలోనివో వారు పూరింపవలెను. నోటుపుస్తకములు తల్లిదండ్రుల సమావేశము నాడు గ్రంథాలయపు బల్లమీద ఉంచబడును. పేర్లు వ్రాయనక్కరలేదు.